తెర అవతలి ప్రశ్న

చిన్నాకి ఆసుపత్రి పని దొరికిందంటే వదిన వల్లే. ఆమె అక్కడి ల్యాబులో రిపోర్టులు టైపు చేసేది. రోగుల ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కల్ని డాక్టర్లు మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, కనిపించింది నోటితో చెప్పి రికార్డు చేసేవారు. ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, అక్షరం పొల్లుపోకుండా కొట్టి, వార్డులకి పంపేది. ఏ డాక్టరు మాటలు మింగేస్తాడో, ఎవరు దగ్గుతూ చెబుతారో, ఎవరు మధ్యలో టీ తాగుతారో ఆమెకి కంఠతా వచ్చు.

చిన్నా ఆమెకి మరిది. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంట్లో చిన్నా, ఆఫీసులోనూ చిన్నాయే. ఆమె కాపురానికి వచ్చినప్పుడు అతనింకా స్కూల్లో ఉన్నాడు. టైపు కొట్టడం నేర్పింది ఆమే. కీబోర్డు వంక చూస్తే వేళ్ళ మీద స్కేలుతో కొడతానని బెదిరించి మరీ నేర్పింది. ఇప్పుడతను కాలేజీ స్నేహితుడొకడితో కలిసి, కళ్ళజోళ్ళ కొట్టు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. ఆ స్నేహితుణ్ణి అందరూ పొడుగు అనేవారు. ప్రోగ్రాములు రాయడం చిన్నా వంతు, వాటిని అమ్మడం పొడుగు వంతు.

రిపోర్టులు పంపే పద్ధతి మార్చాలని ఆసుపత్రి సూపరింటెండెంటు అనుకుంటున్నట్టు తెలిసి, వదిన ఆయన దగ్గరికి వెళ్ళి, "మా మరిది చేస్తాడండి. చెప్పిన దానికంటే రెండు పనులు ఎక్కువే చేస్తాడు" అంది. ఆ మాట మీద పిలిచారు.

చిన్నా రాసింది ఒక ఎక్స్‌టెన్షన్. టైపు చేసుకునే మామూలు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే ఇమిడిపోయి, పైన ఒక కొత్త మీటలా కనిపిస్తుంది. రిపోర్టు కొట్టడం అయ్యాక ఆ మీట నొక్కితే చాలు, అందులోని పేరు చూసి, రోగిని ఆసుపత్రి రికార్డుల్లో వెతికి పట్టుకుని, వివరాలన్నీ తానే నింపి, వార్డుకి పంపేస్తుంది. ముక్కని ల్యాబుకి పంపే సీసా మీది నంబరుతో వెతికితే బాగుండేది. కానీ నంబర్లు కొట్టడంలోనే తప్పులు ఎక్కువ పడుతున్నాయని, పేరుతో వెతకమని ఆసుపత్రివాళ్ళే అడిగారు. ఒకే పేరుతో ఇద్దరుంటే ఏమిటని చిన్నా ఆలోచించి, అలాంటప్పుడు చిన్న డైలాగ్ బాక్సు ఒకటి తెరుచుకుని "ఈ రోగికేనా?" అని అడిగేలా చేశాడు. కింద రెండు మీటలు: అవును, కాదు.

మొదటి రోజు పక్కన కూర్చుని చూపిస్తుంటే వదిన నవ్వింది. "డైలాగ్ బాక్సంటే ఏదో మాట్లాడుతుందనుకున్నాను. ఇది నోట్లో నాలుక లేనిదానిలా ఉందే."

"అడిగినదానికి జవాబు చెప్పడమే నీ పని వదినా. ఎదురు ప్రశ్నలు వెయ్యకు."

"అంటే మీ అన్నయ్యతో కాపురంలాగే అన్నమాట" అంది.

కొన్ని నెలలు పని సాఫీగా సాగింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. మీట నొక్కాక ఒక్కోసారి తెర బిగుసుకుపోతోందని, ఏది నొక్కినా ఉలకదు పలకదని చెప్పింది. చిన్నా వచ్చి చూశాడు. తన ల్యాప్‌టాప్‌లో పదే పదే నడిపాడు, ఎక్కడా ఆగలేదు. ఆమె కంప్యూటరు ముందు తన పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళి ప్రయత్నించాడు. అప్పుడూ చక్కగానే నడిచింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిల్లాడికి జ్వరం తగ్గిపోయినట్టుంది" అంది వదిన. "నా టేబులు కూడా చూడు, ఎలా బోసిపోయిందో. కుడిపక్క మానిటర్ సూపరింటెండెంటుగారు తన గదిలో పెట్టించుకున్నారు. మెడ తిప్పే పని తప్పించారులే, మంచిదే."

చిన్నా ఆ మాట విన్నాడు గానీ బుర్రకెక్కించుకోలేదు. రిపోర్టు వెళ్ళాక "రిపోర్టు వెళ్ళింది" అని చెప్పే చిన్న బాక్సు మరొకటి ఉంది. అది ఎప్పుడైనా పెద్ద విండో వెనక్కి జారుకుంటోందేమో, దానికి సరే అని చెప్పేదాకా మిగతాదంతా ఆగిపోతోందేమో అనుకున్నాడు. అలాంటివి తను ఎన్నో చూశాడు. వాటివల్ల చిరాకు తప్ప నష్టం లేదు.

"ఈసారి బిగుసుకుంటే ఎంటర్ ఒకసారి కొట్టు వదినా, లేస్తుంది. తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాను" అన్నాడు.

ఆమె ఎంటర్ కొట్టింది, నిజంగానే లేచింది. మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఈలోగా పొడుగు ఇంకొన్ని ఆసుపత్రులతో మాట్లాడి పని తెచ్చాడు. కొత్త ఆసుపత్రులకి కొత్త కోరికలు. తర్వాతి వెర్షన్ వెనక్కీ వెనక్కీ పోయింది.

*

ఆ రోజుల్లోనే ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు రొమ్ములో గడ్డతో ఆ ఆసుపత్రికి వచ్చారు. ఇంటిపేరు కూడా ఒకటే, వయసూ దగ్గరదగ్గర. ఒకామె సిటీ బస్సు డ్రైవరు. రెండో ఆమె పిల్లల బడిలో సంగీతం టీచరు. ఇద్దరి గడ్డల్లోంచీ ముక్కలు తీసి ల్యాబుకి పంపారు. డ్రైవరుకి ఏమీ లేదని, మామూలు కొవ్వు గడ్డని వచ్చింది. టీచరుకి క్యాన్సరని వచ్చింది. వార్డులకి మాత్రం ఆ రిపోర్టులు తారుమారై వెళ్ళాయి.

టీచరు ఇంటికి ఫోన్ చేసి భయం లేదని చెప్పారు. ఆవిడ ఆ సాయంత్రం బళ్ళో పిల్లలందరికీ చాక్లెట్లు పంచిందట. డ్రైవరుకి ముందు మందులు ఎక్కించి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు. మందులకి ఆమె జుట్టంతా ఊడింది, నోరు పూసింది, గోళ్ళు నల్లబడ్డాయి. నెలల తర్వాత రొమ్ము తీసేశారు. తీసినదాన్ని మళ్ళీ ల్యాబులో చూస్తే వ్యాధి ఆనవాలే లేదు. మందులు అంత బాగా పనిచేశాయని డాక్టర్లు సంతోషపడ్డారు. ఒక డాక్టరు ఆమె భుజం తట్టి, మీరు అదృష్టవంతులు అన్నాడు.

టీచరు చెయ్యి పైకెత్తలేక మళ్ళీ వచ్చేసరికి జబ్బు చంకల్లోంచి ఎముకల్లోకి పాకింది. ఇంత తొందరగా ఎలా ముదిరిందని ల్యాబు పెద్ద డాక్టరు, అప్పటి ముక్కల్ని అతికించి దాచిన గాజు పలకలు బయటికి తీయించింది. ఆవిడకి ముక్కుసూటి మనిషని పేరు. ఆ పలకల్లో అప్పుడే క్యాన్సరు కనిపించేసరికి, అదే పేరుతో ఇంకొకరున్నారేమోనని రికార్డు చూసింది. కాసేపు కుర్చీలోంచి లేవలేదని అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

విచారణ పెట్టారు. సూపరింటెండెంటు గదిలో పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. కంపెనీ తరఫున చిన్నా వెళ్ళాడు. వదిన గోడ పక్క కుర్చీలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఎక్స్‌టెన్షన్ తాను చేసిన ప్రతి పనినీ రాసిపెట్టుకుంటుంది. చిన్నా అది తెరిచి చూపించాడు. రెండు రిపోర్టులప్పుడూ ప్రశ్న అడిగినట్టు ఉంది. రెండుసార్లూ అవును అని జవాబు వచ్చినట్టు ఉంది.

"అంటే సాఫ్ట్‌వేర్ అడిగింది. టైపిస్టు చూసుకోకుండా ఒప్పేసుకుంది. అంతేనా?" అన్నాడు సూపరింటెండెంటు.

చిన్నా రికార్డు వంకే చూస్తూ అన్నాడు, "రికార్డు ప్రకారం అంతేనండి."

ఆయన వదిన వైపు తిరిగాడు. "ఎందుకు నొక్కారమ్మా?"

"నాకే ప్రశ్నా కనబడలేదండి."

"కనబడకుండా జవాబెలా చెప్పారు?"

"తెర బిగుసుకుపోయేది. ఎంటర్ కొట్టేదాన్ని."

"ఎవరు కొట్టమన్నారు?"

ఆమె ఒళ్ళో బ్యాగు సర్దుకుంది. "ఎవరూ చెప్పలేదండి. నాకే అలవాటైంది."

చిన్నా తల ఎత్తలేదు. ఎప్పుడో ఫోన్‌లో అన్నానో, ఎదురుగా అన్నానో, అసలు అన్నానో లేదో అని అప్పుడు తన మనసు తప్పించుకుంది. సూపరింటెండెంటు మళ్ళీ అతన్నే అడిగాడు, బాక్సు కనబడకుండా పోయే అవకాశం ఉందా అని. "మా దగ్గర ఎప్పుడూ అలా జరగలేదండి. బాక్సు వచ్చే ఉంటుంది. మీరు పనిలో పడి గమనించి ఉండరు" అన్నాడు, చివరి మాట వదిన వైపు తిరిగి.

ఆమెని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తప్పించారు.

ఆ ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్తే, తలుపు తీసింది అన్నయ్యే. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. "అంతమందిలో ఆవిణ్ణి మీరు అన్నావట" అన్నాడు. "ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆవిణ్ణి నువ్వు అని పిలిచినవాడివి. ఏం చూసి అంత గౌరవం పుట్టుకొచ్చింది?"

లోపల వదిన బట్టలు మడత పెడుతోంది. "వాడేం చేస్తాడు, రికార్డులో ఉన్నదే చెప్పాడు. లోపలికి రానియ్యండి" అంది. మొహం చూస్తే నిద్ర లేదని తెలుస్తోంది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, "నిజంగా వచ్చిందా చిన్నా ఆ ప్రశ్న? నా కళ్ళ ముందు వచ్చినా చూళ్ళేదా నేను?" అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

"వచ్చినట్టే ఉంది వదినా."

ఆమె తల ఊపింది. "అయితే నా కళ్ళు దేన్ని చూస్తున్నట్టు?" అని తనలో తను అనుకుని లేచిపోయింది.

*

ప్రశ్న ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాలని, ఎర్ర అక్షరాల్లో పెద్దగా పెట్టాలని సూపరింటెండెంటు అడిగాడు. ఆ మార్పు చేసి, చిన్నా స్వయంగా టైపు గదికి వెళ్ళాడు. వదిన కుర్చీలో కొత్తగా వచ్చిన టైపిస్టు కూర్చుని ఉంది. లేచి పక్కన నిలబడింది. కంప్యూటరు వదిన వదిలి వెళ్ళినట్టే ఉంది. గది పేరుతో ఉన్న పాస్‌వర్డునే ఇప్పుడు ఈ అమ్మాయీ వాడుతోంది.

చిన్నా కొత్త వెర్షన్ వేసి, ఒకే పేరుతో ఇద్దరు ఉత్తుత్తి రోగుల్ని పెట్టి, మీట నొక్కాడు. ఏమీ రాలేదు. ఎర్ర అక్షరాల్లేవు, బాక్సు లేదు. మౌసు కదుపుతున్నా తెర ఉలకలేదు.

"అది అప్పుడప్పుడు అంతేనండి" అంది ఆ అమ్మాయి. "ఎంటర్ కొడితే పోతుంది. ముందున్నావిడ కూడా అలాగే చేసేదట."

చిన్నా చెయ్యి ఎంటర్ మీదికి పోలేదు. తర్వాత, కనబడని విండోని జరపడానికి పాతకాలం నుంచీ ఉన్న చిట్కా ఒకటి గుర్తొచ్చింది. కీబోర్డు మీద దానికి కావలసిన మీటలు నొక్కి, ఎడమ బాణం గుర్తు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. మొదట ఏమీ జరగలేదు. తర్వాత తెర కుడి అంచులోంచి బూడిదరంగు గీత ఒకటి తొంగిచూసింది. అది వెడల్పయింది. గోడలోంచి మనిషి నడిచి వచ్చినట్టు బాక్సు మెల్లగా లోపలికి వచ్చింది. ఎర్ర అక్షరాలు, ప్రశ్న, కింద రెండు మీటలు. అవును అన్న మీట చుట్టూ సన్నటి గీత ఉంది. ఎంటర్ కొడితే పడేది దాని మీదే.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. వాడేవాళ్ళకి సౌకర్యంగా ఉంటుందని, బాక్సు చివరిసారి ఎక్కడ మూశారో గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కడే తెరుచుకునేలా చేసింది తనే. రెండు మానిటర్లున్న రోజుల్లో వదిన దాన్ని కుడిపక్కకి జరిపి పెట్టుకుంది. కుడిపక్క మానిటర్ పోయింది. బాక్సుకి ఆ సంగతి తెలియదు. లేని మానిటర్ మీద, ఖాళీ గోడ ఉన్న చోట అది తెరుచుకుని, జవాబు కోసం కాచుకుని కూర్చుంది. తెర ఇంకా అక్కడ ఉందో లేదో చూసుకొమ్మని ఒక్క వాక్యం తను రాయలేదు. తన పాస్‌వర్డుతో చూసిన రోజు ఆ పాస్‌వర్డుకి గుర్తున్న చోటేదీ లేదు కాబట్టి బాక్సు నడిమధ్యలోనే వచ్చింది.

రిపోర్టులు అచ్చంగా తారుమారు ఎలా అయ్యాయో కూడా తెలిసింది. ఇద్దరిలో కొత్తగా చేరినవాళ్ళ పేరు ముందు చూపించేలా రాశాడు, చేరింది డ్రైవరు తర్వాత, కొట్టింది టీచరు రిపోర్టు ముందు, అలా అది డ్రైవరుకి పోయింది. ఒకసారి రిపోర్టు అందినవాళ్ళని పక్కనపెట్టి మిగిలినవాళ్ళని చూపించేలా రాశాడు, దాంతో డ్రైవరుది టీచరుకి పోయింది. రాసినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయాడు.

"బాగయిందాండీ?" అంది టైపిస్టు.

"నేను చెప్పేదాకా ఆ మీట నొక్కకండి. అన్నీ చేత్తోనే పంపండి" అని చెప్పి లేచాడు.

పొడుగు మొత్తం విని, లేచి తలుపు మూశాడు. "ఎవరికి చెప్పావు?"

"ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు. సరిచేసి అన్ని చోట్లా వేసేద్దాం. ఎవరికీ తెలియదు. రికార్డు మన వైపు ఉంది కదరా."

"రికార్డు అబద్ధం చెబుతోంది."

"రికార్డు చెప్పేది నిజమే. అడిగింది, నొక్కారు." పొడుగు గొంతు తగ్గించాడు. "ఒరేయ్, మీ వదినకి ఏమవుతుంది? మహా అయితే ఇంకో చోట పనిచేస్తుంది. మనకి ఇంకో చోటు ఉండదు. మానిటర్ పట్టుకుపోయింది వాళ్ళు, పేరుతో వెతకమంది వాళ్ళు. నీ ఒక్కడి నెత్తిన ఎందుకు వేసుకుంటావు?"

పొడుగు చెడ్డవాడు కాదు. అతని ఇంట్లో మంచం పట్టిన తండ్రి ఉన్నాడు. చిన్నా ఆ రోజు ఏమీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. లోపాన్ని సరిచేసి అన్ని ఆసుపత్రులకీ పంపాడు, కారణం రాయకుండా. ఆ పని చేస్తున్నంతసేపూ తనకి తాను మంచివాడిలాగే కనిపించాడు. అది అయ్యాక అలా కనిపించలేదు.

వారం తిరక్కముందే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన పొరపాటు తనదేనని ఒప్పుకుని సంతకం పెట్టి వచ్చింది. నేనెంత చెప్పినా వినలేదు. నువ్వేమైనా చెప్పి చూడు" అని పెట్టేశాడు.

*

వదిన వంటింట్లో కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. స్టవ్ మీద ఏదో మరుగుతోంది, ఆమె చూడటం లేదు. చిన్నా స్టవ్ ఆపి నేల మీద కూర్చున్నాడు. జరిగింది మొదటి నుంచీ చెప్పాడు. మానిటర్ సంగతి, బాక్సు తెర అవతల తెరుచుకున్న సంగతి, వారంగా తను దాచిన సంగతి.

ఆమె అడ్డురాకుండా వింది. చివరికి, "అంటే రాలేదా ప్రశ్న?" అంది.

"వచ్చింది. నువ్వు చూడగలిగే చోటికి రాలేదు. ఎవరూ చూడలేరు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. అలాగే అంది, "నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను చిన్నా. రాత్రిళ్ళు ఆ గది గుర్తుచేసుకుని, ఆ ప్రశ్న కనబడిందేమోనని వెతుక్కునేదాన్ని. వెతగ్గా వెతగ్గా ఈమధ్య కనబడటం కూడా మొదలెట్టింది. ఏ రంగో కూడా చెప్పగలను. చూసి కూడా నొక్కేశానని నిజంగానే నమ్మాను. అందుకే సంతకం పెట్టాను."

"ఎంటర్ కొట్టమంది నేనే వదినా. ఆ రోజు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"నీ పేరు చెబితే నీ కంపెనీ మునుగుతుందనుకున్నాను. నువ్వే చెబుతావేమో అని కూడా చూశాను. చెప్పలేదు."

చిన్నా మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వెయ్యలేదు. లేచి స్టవ్ మళ్ళీ వెలిగించింది.

మర్నాడు పొద్దున్నే అతను ఆసుపత్రికి వెళ్ళాడు. సూపరింటెండెంటు బల్ల మీద రెండు మానిటర్లున్నాయి. చెప్పిందంతా విని, ఆయన వాటిలో ఒకదాని వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టింది. విచారణ ముగిసింది. మీరిప్పుడు తిరగతోడటం ఎవరికి మంచిది?" అన్నాడు.

"టీచరుగారికీ డ్రైవరుగారికీ తెలియాలి కదండీ."

"వాళ్ళకి పొరపాటు జరిగిందని తెలుసు. ఎలా జరిగిందో తెలిస్తే పోయినవి తిరిగొస్తాయా?"

అక్కణ్ణుంచి చిన్నా నేరుగా ల్యాబు పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి విని, "కాగితం మీద రాసి సంతకం పెట్టగలవా?" అని ఒక్కటే అడిగింది. అతను అక్కడే కూర్చుని రాశాడు. విచారణ మళ్ళీ తెరిపించింది ఆవిడే. వదిన సంతకం చెల్లదన్నారు. ఉద్యోగంలోకి రమ్మన్నారు. ఆమె వెళ్ళింది గానీ టైపు గదికి కాదు. కీబోర్డు ముందు కూర్చుంటే వేళ్ళు కదలడం లేదని చెప్పి, దుప్పట్లూ గౌన్లూ భద్రపరిచే గదికి మార్పించుకుంది.

కంపెనీ ఆ ఏడాది దాటలేదు. పొడుగు చివరి రోజున సామాన్లు సర్దుకుంటూ, "నువ్వు చేసింది తప్పని అనను. నాతో ఒక మాట అని చేసి ఉంటే బాగుండేది" అన్నాడు. తర్వాత వాళ్ళు ఎప్పుడైనా ఎదురుపడితే తలలూపుకోవడమే.

డ్రైవరు దగ్గరికి వదినా చిన్నా కలిసి వెళ్ళారు. మూడో అంతస్తులో ఇరుకు ఇల్లు. ఆమె తలకి గుడ్డ కట్టుకుని ఉంది, జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. కూర్చోమంది. చిన్నా చెప్పినంతసేపూ కిటికీలోంచి కింద పోతున్న బస్సుల్ని చూస్తూ వింది.

"మాకు బస్సులో అద్దాలు ఎందుకు పెడతారో తెలుసా?" అంది తర్వాత. "వెనక ఏముందో కనబడదు కాబట్టి. కనబడని చోట మనిషి ఉంటాడనుకునే నడపాలి. అది నేర్పకుండా మాకు లైసెన్సు ఇవ్వరు. మీకు ఎవరిస్తారు?"

"మాకు లైసెన్సులు ఉండవండి" అన్నాడు చిన్నా.

"అదే అనుకున్నాను." వదిన వైపు తిరిగింది. "మీరు ఏడవకండమ్మా. మీరు ఏడిస్తే నేను ఓదార్చాల్సి వస్తుంది. నాకు ఓపిక లేదు." భుజం తడుముకుంటూ మళ్ళీ చిన్నాతో అంది, "చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. మళ్ళీ పెద్ద బస్సు ఇవ్వరట. కోర్టుకి వెళ్తున్నాను. అక్కడికి వచ్చి ఇదే మాట చెబుతారా?"

"చెబుతాను."

చెప్పాడు కూడా. కానీ అది టీచరు పోయిన తర్వాత. ఆవిడ ఇంటికి వెళ్ళాలని రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. మూడోసారి వెళ్ళేసరికి వాకిట్లో చెప్పులు ఎక్కువ కనిపించాయి. ఆవిడ భర్త బయటికొచ్చి, ఎవరని అడిగాడు. చిన్నా చెప్పాడు. ఆయన చాలాసేపు అతని మొహంలోకి చూసి, "ఇప్పుడు కాదు బాబూ" అని మెల్లగా తలుపు దగ్గరికి వేశాడు.

*

మిగతా ఆసుపత్రులకి అసలు కారణం చెప్పాలని పట్టుబట్టింది వదినే. చిన్నా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. కొందరు తిట్టారు. కొందరు చూస్తామని పెట్టేశారు. ఒక చిన్న ఆసుపత్రి ల్యాబువాడు మాత్రం "మా దగ్గర పోయినేడు ఒకటి జరిగింది" అన్నాడు. అక్కడా ఒక గదిలోంచి మానిటర్ తీసేశారు. అక్కడా రిపోర్టు ఒకరిది ఒకరికి వెళ్ళింది. మనిషి పోయాడు. టైపు చేసిన పెద్దాయన్ని పంపించేసి, విషయం బయటికి పొక్కనివ్వలేదు.

"ఆయన ఏం చెప్పాడు?" అని అడిగాడు చిన్నా.

"తనకేమీ కనబడలేదన్నాడు. ఎవరు నమ్ముతారండీ?"

ఆ సంగతి వినగానే వదిన చెప్పులేసుకుంది. "అడ్రసు కనుక్కో" అంది.

ఊరి చివర, కొత్తగా సున్నం వేసిన వరస ఇళ్ళలో ఒకటి. తలుపు తీసింది ఆయన భార్య. ఎందుకొచ్చారో చెప్పబోతే, "ఆయన ఎవరితోనూ మాట్లాడరు" అంది గుమ్మంలోనే నిలబడి. ఆ గొంతులో విసుగుంది, దాని అడుగున ఇంకేదో ఉంది. వదిన ఆమెని దాటి లోపలికి చూసి, "నేనూ టైపిస్టునేనమ్మా. నన్నూ తీసేశారు" అంది. ఆమె పక్కకి తప్పుకుంది.

ఆయన గోడ వైపు తిరిగి మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లగా పెరిగింది. చిన్నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని, తనెవరో చెప్పి, జరిగింది చెప్పాడు. ఈసారి సాఫ్ట్‌వేర్ మాటలు వాడలేదు. "మీరు చూడాల్సిన ప్రశ్న మీ తెర మీద లేదండి. తెర అవతల, ఏమీ లేని చోట తెరుచుకుంది. మీరే కాదు, ఎవరూ చూడలేరు. తప్పు నాది" అన్నాడు.

ఆయన కదల్లేదు. గోడ వంక చూస్తూనే, "చదువుకోకుండా నొక్కేశానని నాతో రాయించుకున్నారు" అన్నాడు. "ఇంట్లోవాళ్ళు కూడా... చత్వారం వచ్చి కనబడలేదని, అద్దాలు మార్చమంటే మార్చలేదని..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

గుమ్మంలో నిలబడ్డ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ దగ్గరికి రాలేదు.

ఆయన మొదటిసారి మొహం ఇటు తిప్పాడు. చిన్నా వంక కాదు, భార్య వంక. చెయ్యి చాచి, మంచం మీద తన పక్కన చోటు చూపించాడు. ఆమె వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్పండి" అన్నాడు ఆయన. "మొదటి నుంచీ. ఈవిడ సరిగ్గా వినలేదు."

చిన్నా వదిన వంక చూశాడు. ఆమె చెప్పమన్నట్టు తల ఊపింది. అతను కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.